పేరు నాది, రక్తం మా అత్తది

మొన్న మా అమ్మాయిని డాక్టరుకు చూపించడానికి హైదరాబాదులో తోడు వెళ్లాను. దానికి ఇప్పుడు మూడో నెల. డాక్టరు చిన్నపిల్లే గాని ఓపిగ్గా చెప్పింది. "మీకు కాన్పప్పుడు బీపీ వచ్చింది కాబట్టి మీ అమ్మాయికీ రావచ్చు, ఒక రక్తపరీక్ష చేయిద్దాం" అంది. కడుపులో బిడ్డను సాకే మాయ నుంచి తల్లి రక్తంలోకి ఒక పదార్థం వస్తుందట. అది తక్కువగా ఉంటే నెలలు నిండే వేళకు బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం ప్రమాదం ఎక్కువని ఈ మూడో నెలలోనే తెలిసిపోతుందట. నేను నోరు తెరుచుకుని విన్నాను. తర్వాత రక్తం తీసే గదికి పోయాం. అక్కడి నర్సు మా అమ్మాయి పేరడిగింది, వయసడిగింది, ఆధార్ కార్డు అడిగింది. సూది చేతిలోకి తీసుకున్నాక మళ్లీ పేరడిగి, "రక్తం ఇచ్చేది మీరేనా మేడమ్?" అంది.

నాకు నవ్వు ఆగలేదు. చిన్నగా మొదలైంది కాస్తా పొట్ట పట్టుకునేదాకా వచ్చింది. మా అమ్మాయి సిగ్గుపడి "ఏమైందమ్మా నీకు" అంటోంది. "మీ నాయనమ్మ..." అనబోతాను, మళ్లీ నవ్వు తన్నుకొస్తుంది. నర్సు నాకు నీళ్లిచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, నా బీపీ కూడా చూసింది. మా అత్త పోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆమెను తలచుకుంటే నాకు ముందు నవ్వే వస్తుంది, ఏడుపు తీరిగ్గా వెనక వస్తుంది.

మా అత్తకు ఒక గుణం ఉండేది. ఎవరి పనినీ వాళ్లను చేసుకోనిచ్చేది కాదు. మాది వనపర్తి. ఆమె గద్వాల నుంచి కొడుకును వెంటబెట్టుకుని పెళ్లిచూపులకు వచ్చిన రోజే ఆ గుణం బయటపడింది. మా నాన్న పెళ్లికొడుకును "ఎంతవరకు చదివినవు బాబూ" అని అడిగితే, "పదోది పాసైండు, ఇంగ్లీషు జర కమ్జోరి" అని మా అత్త చెప్పింది. "మా పిల్ల నచ్చిందా?" అంటే, "మస్తు నచ్చింది" అని కూడా ఆమే అంది. నన్ను పాట పాడమన్నారు. నాకు ఒక్క పాటా గుర్తురాలేదు. ఆమె నా ముఖం చూసి, "పిల్ల పరేషానైతుంది, ఊకుండుండ్రి, నేను పాడత" అని బతుకమ్మ పాట ఎత్తుకుంది. పాట సగమయ్యేసరికి మా అమ్మ కూడా చప్పట్లు కొడుతోంది. పెళ్లికొడుకు ఆ పూటంతా ఒక్క మాట మాట్లాడలేదు. పెళ్లయ్యాక కూడా ఆయనకు ఆ అవసరం పెద్దగా రాలేదు.

ఈ గుణం ఆమెకు మగ్గం దగ్గర అబ్బింది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. రెండూ కలిసేలా నేయాలంటే మగ్గం మీద ఒకరికి ఇద్దరు కూర్చోవాలి. ఒకరికి జ్వరమొచ్చినా చావు కబురొచ్చినా పక్కింటివాళ్లెవరో వచ్చి, ఆ మగ్గం గుంటలో కాళ్లు దింపి, ఆగిన చీర నేసి పెట్టేవాళ్లు. దాన్ని బదులు కూర్చోవడం అనేవాళ్లు. చీర ఎవరి పేరున మొదలైతే వాళ్లదే. ఎవరి చేతుల మీదుగా పూర్తయిందో షావుకారూ అడిగేవాడు కాదు, నేసినవాళ్లూ చెప్పేవాళ్లు కాదు. మా అత్త ఈ పద్ధతిని మగ్గం గుంటలోంచి లేపి ఊరంతా తిప్పింది. ఎదురింటాయనకు నడుం పట్టేసి బీచుపల్లి ఆంజనేయుడి మొక్కు తీర్చలేకపోతే, ఆయన బదులు ఈమె వెళ్లి పొర్లుదండాలు పెట్టి వచ్చింది. "దేవునికి మొక్కు ముట్టాలె, ఎవలు పొర్లితే ఏంది?" అంది. వెనక వీధి పెళ్లికూతురికి అప్పగింతలప్పుడు ఏడుపు రాకపోగా నవ్వొస్తుంటే, మా అత్త ఆ పిల్ల వెనక నిలబడి ఆమె బదులు ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే మగపెళ్లివారు జడుసుకుని, పిల్లను పువ్వుల్లో పెట్టి చూసుకుంటామని అడక్కుండానే ఒట్టేశారు.

పొట్టి మనిషి. కొంగు నడుముకు దోపి, సందు మొదట్లోంచే మాట్లాడుతూ వచ్చేది. ఎవరితో మాట్లాడుతోందో మనిషి ఇంట్లోకి వచ్చేదాకా తెలిసేది కాదు. ఒక్కోసారి వచ్చాక కూడా తెలిసేది కాదు. అంత నోరున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం పెదవి విప్పేది కాదు. ఆమె పెద్దకూతురు, అంటే నా ఆడబిడ్డ, తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి గుర్రపువాతంతో ఫిట్స్ వచ్చి పోయింది. బిడ్డా దక్కలేదు. మా ఆయన నాకు అంతవరకే చెప్పాడు. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

తొంభైల మొదట్లో నాకు కడుపొచ్చింది. గద్వాల కోట దగ్గర ఒక డాక్టరమ్మ దవాఖాన ఉండేది, అక్కడ చూపించుకున్నాను. ఆవిడది కర్నూలు. గొంతు పెద్దది, చెయ్యి మెత్తనిది. నా బీపీ చూసి కళ్లద్దాలు సర్దుకుంది. "ఇంకా గీత దాటలేదు గాని దాటేలాగుంది. తొలికాన్పు కదా, జాగ్రత్తగా ఉండాలి. బీపీ పెరిగి ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రాణగండం. నెలనెలా మూత్రం చూద్దాం, రక్తం చూద్దాం. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతుంటే అదొక హెచ్చరిక. ఎప్పటికైనా ఒక చుక్క రక్తం చూసి మొదట్లోనే అంతా చెప్పేసే రోజు వస్తుంది. అందాకా మనకివే దిక్కు" అంది. రక్తం అనే మాట వినగానే మా అత్త ముఖం తెల్లబోయింది. దారిపొడుగునా ఆమె ఒక్క మాట కూడా మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాక చీటీ నా చేతిలోంచి తీసుకుంది. "ఎండల తిరుగకు. మొన్న గ్రూపు చూడనీకి నీ వేలు పొడిచి తీసిన చుక్క ఉన్నది గద, ల్యాబోనికి నెలనెలకు గదే చాలంట. నేను పోయి కాయితం తెస్త" అంది. నాకూ కొత్తే, నిజమేననుకున్నాను. మూత్రం మాత్రం సీసాలో పట్టి ఇచ్చేదాన్ని. ఆమె కొంగు కింద దాచుకుని తీసుకుపోయేది. కడుపుతో ఉన్నదాని మూత్రం పరాయివాళ్ల చేతిలో పెడితే ఎవరేం చేస్తారో అని ఆమె భయం. దారిలో మురిక్కాల్వలో పారబోసేదట. ఇది తర్వాత తెలిసిన సంగతి.

ఆ ల్యాబు మార్కెట్ పక్కన ఒక ఇరుకు గది. అతను రేడియోకు చెవి అంటించి క్రికెట్ వింటూ పని చేసేవాడు. పేరేంది అని అడిగితే మా అత్త నా పేరు చెప్పింది. వయసు అడిగితే ఇరవై అంది. అతను తలెత్తకుండా ఇరవై అని రాసుకుని, ఎదురుగా చాచిన చెయ్యి పట్టుకుని రక్తం తీశాడు. ఆ చెయ్యి మగ్గం మీద బతికిన చెయ్యి. ఇరవై ఏళ్ల చెయ్యిలాగా ఏ కోశానా లేదు. తర్వాత డాక్టరమ్మ అతణ్ని పిలిపించి దులిపేస్తే అతను తెల్లబోయి, "పేరడిగిన, చెప్పింది. చెయ్యడిగిన, ఇచ్చింది. ఇగ నేనేం అడగాలె మేడం?" అన్నాడు.

మొదటి రిపోర్టు చూసి డాక్టరమ్మ ఉలిక్కిపడింది. యూరిక్ యాసిడ్ బాగానే ఉంది, మూత్రంలో ఆల్బుమిన్ లేదు. షుగరు మాత్రం ఆకాశంలో ఉంది. "తీపి ముట్టుకోకు. అన్నం తగ్గించు, జొన్నరొట్టె తిను. మామిడిపండు వాసన కూడా చూడకు" అంది. అది మామిడి రోజులు. కొల్లాపూర్ పండ్లు గంపలకు గంపలు దిగుతున్నాయి. మా అమ్మ వనపర్తి నుంచి రొట్టె, బెల్లం కలిపి దంచిన మలీద ముద్దలు డబ్బా నిండా చేసి పంపింది. కడుపుతో ఉన్నదాన్ని, పండు ముందు కూర్చుని జొన్నరొట్టె నములుతుంటే కళ్లనీళ్లు తిరిగాయి. మా అత్తకు నా బాధ చూడటం చేతకాలేదు.

"ఏడువకు బిడ్డా. నీ బదులు నేను తింట, నువ్వు చూడు. చూస్తె సగం రుచి తెలుస్తది" అంది. అని నా ఎదురుగా కూర్చుని నా వంతు పండ్లన్నీ తినేది. రసం మోచేతుల దాకా కారుతుంటే మధ్యమధ్యలో, "గిది జర పులుపున్నది పిల్లా, నువ్వేం పోగొట్టుకోలే" అని నన్ను ఓదార్చేది. మలీద డబ్బా కూడా అలాగే ఖాళీ అయింది. నా మీద జాలితో ఒక్క ముద్ద కూడా మిగల్చలేదు.

తర్వాతి నెల షుగరు ఇంకా పెరిగింది. డాక్టరమ్మ కాగితం బల్ల మీద కొట్టింది. "దొంగతనంగా తింటున్నావు!"

"లేదు డాక్టరమ్మా, ఒట్టు" అని నేను వెక్కిళ్లు పెట్టాను.

"ఒట్టు డాక్టరమ్మా" అని మా అత్త అడ్డం వచ్చింది. "పిల్ల నోట్లె ఒక్క తునక వెయ్యలే. నేను దగ్గరుండి చూసిన. అన్ని నేనే తిన్న."

ఆమె చెప్పిందంతా నిజం. అంత నిజం బల్ల మీద పెట్టినా మాకెవరికీ కనబడలేదు. డాక్టరమ్మ నాకు ఇన్సులిన్ పెట్టాలేమోనని కూడా అంది. మా అత్త భయపడి ఇంటికొచ్చి నాకు జొన్నరొట్టె కూడా సగం చేసింది. మిగతా సగం ఆమె తినేసింది.

ఇంతలో నా కాళ్లు ఉబ్బాయి. మెట్టెలు వేళ్లలో దిగబడిపోయాయి. పొద్దున లేస్తే కళ్ల కింద సంచులు, తలనొప్పి. చూసినవాళ్లు నీరు పట్టింది, కాన్పయితే తగ్గుతుంది అనేవాళ్లు. మా అత్త ఆ మాట అన్నవాళ్లను గుడ్లురిమి చూసేది. ఆ నెల డాక్టరమ్మ బీపీ చూసి, మళ్లీ చూసి, రెండో చేతికి కట్టి చూసింది. బీపీ గీత దాటింది. కాగితం చూస్తే ఆల్బుమిన్ లేదు, యూరిక్ యాసిడ్ పెరగలేదు. "ఇదేం విడ్డూరం! ఒళ్లు చూస్తే బీపీ, రక్తం చూస్తే షుగరు. ఒకే మనిషిలో ఇద్దరున్నట్టుంది. ఇక ఆ ల్యాబు వద్దు, ఇక్కడే నా కళ్ల ముందు నేనే తీస్తాను" అంది. సూది తీసింది, రబ్బరు తాడు తీసింది. "చెయ్యి చాపు" అంది.

మా అత్త చెయ్యి చాపింది.

నెలనెలా అలవాటైన చెయ్యి అది. కొంగు పక్కకు తోసి, రవిక చెయ్యి పైకి లాగి, పిడికిలి కూడా బిగించి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఆ చేతిని చూసింది, ఆమె ముఖం చూసింది.

"నీదెందుకమ్మా?"

"ఇన్నొద్దులు నాదే గద తీసిన్రు" అనేసి, మా అత్త నాలుక కరుచుకుంది.

"అయితే ఈ రిపోర్టులన్నీ..."

"నావే."

"మూత్రం?"

"అది గూడ నాదే. అదేం పెద్ద పని?"

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆ పెద్ద గొంతు నవ్వుకు బయట వరసలో ఉన్నవాళ్లు తొంగిచూశారు. "అయితే షుగరు నీకమ్మా, మహాతల్లీ!"

"నాకెందుకుంటది? నేను కడుపుతోటి లేను గద!" అంది మా అత్త. దాంతో నాకూ నవ్వొచ్చింది. తలనొప్పిలోనే పడీ పడీ నవ్వాను. డాక్టరమ్మ కళ్లు తుడుచుకుంటూ నా వైపు చూసింది. చూసీ చూడగానే ఆవిడ నవ్వు ఆగిపోయింది.

"అంటే ఇంతవరకు ఈ పిల్ల రక్తం ఎవరూ చూడలేదన్నమాట" అంది మెల్లగా. సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది.

మా అత్త లేచి నాకూ ఆవిడకూ మధ్యన నిలబడింది. రెండు చేతులూ చాపి నన్ను కప్పేసింది. "దీన్ని ముట్టకుండ్రి. మా పెద్దపిల్లకు గిట్లనే తీసిన్రు. బాగనే మాట్లాడింది, బాగనే నవ్వింది. తెల్లారి ఫిట్సొచ్చినయ్. నేను అన్నం పెట్టుకొని పోయిన, ఒక్క ముద్ద తినలే. కడుపుల బిడ్డకు పోవల్సిన రక్తం మీరు గుంజుకుంటె అదేం బతుకుతది? నాది తీస్కోండ్రి. సీసా నిండ తీస్కోండ్రి, నేనేం అన" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పెద్దకూతురి ఊసు ఆమె నోట రావడం కూడా అదే మొదటిసారి.

డాక్టరమ్మ కోప్పడలేదు. "రక్తం తీసినందుకు పోలేదమ్మా మీ పెద్దమ్మాయి. అప్పటికే జబ్బు ముదిరింది. ముందే చూసి ఉంటే ఏమన్నా చేయగలిగేవాళ్లేమో. ఈ పిల్లది ఇప్పుడైనా చూడనీ" అంది.

మా అత్త కదల్లేదు. నేను వెనక నుంచి ఆమె భుజం పట్టుకున్నాను. "అత్తా, నా బదులు నువ్వు కనలేవు గద" అన్నాను. ఆమె చేతులు కిందికి దించి, పక్కకు జరిగింది.

డాక్టరమ్మ రక్తం తీసి పంపింది. మూత్రం గాజుగొట్టంలో పోయించి మా ముందే స్పిరిటు దీపం మీద కాచింది. చూస్తుండగానే అది విరిగిన పాలలా తెల్లగా ముద్ద కట్టింది. రక్తంలో యూరిక్ యాసిడ్ కూడా పెరిగిందని తేలింది. "ఇక్కడ వద్దు, ఈరోజే కర్నూలు తీసుకుపోండి. నేను చీటీ రాసిస్తాను" అంది డాక్టరమ్మ. జీపు మాట్లాడుకుని బయల్దేరాం. మా అత్త నా కాళ్లు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. జీపు కదలగానే, "డ్రైవరు బాబూ, గుంతలల్ల జర మెల్లగ పోనియ్యి, నీ కాళ్లు మొక్కుత" అని మొదలుపెట్టి దవాఖాన గేటు దాకా ఆపలేదు. మా ఆయన ముందు సీటులో కూర్చుని, పుట్టినప్పటి నుంచి అలవాటైన పని చేశాడు. ఏమీ మాట్లాడలేదు.

కర్నూలులో ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నారు, మందులిచ్చారు, సూదులేశారు. రోజూ బీపీ, రోజూ రక్తం. ఒకరోజు బీపీ ఆగేలా లేదని ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆపరేషన్‌కు ముందు రక్తం సిద్ధంగా ఉంచాలి, ఇంటివాళ్లు ఇవ్వాలి అన్నారు. అందరికంటే ముందు మా అత్త రవిక చెయ్యి పైకి లాక్కుని నిలబడింది. షుగరుందని ఆమెను వద్దన్నారు, మా ఆయనది తీసుకున్నారు. మా అత్తకు ఒళ్లు మండిపోయింది. "అడగకముందు ఇస్తె నెలనెల గుంజిన్రు. ఇప్పుడు ఇస్తనంటె వద్దంటరా? గదే రక్తం గద!" అని వరండా అంతా వినబడేలా అరిచింది. పక్క మంచం వాళ్లు అన్నం తినడం ఆపి నవ్వారు. మా అమ్మాయి చిన్నదిగా, ఎర్రగా, పిల్లికూన గొంతుతో పుట్టింది. నెల తక్కువైనా ఊపిరి గట్టిదే అన్నారు.

నాకు మాత్రం గండం గడవలేదు. కాన్పయ్యాక కూడా ఫిట్స్ రావచ్చునట. మధ్యాహ్నం నర్సు మళ్లీ రక్తానికి వచ్చింది. నా చెయ్యి వణుకుతోంది, నిలవడం లేదు. ఎవరన్నా చెయ్యి పట్టుకోండి అంది. మా ఆయన ముందుకు వచ్చాడు. "నువ్వు జరుగు, నేను పడత" అని మా అత్త వచ్చింది. నా చేతిని తన రెండు చేతులతో మంచానికి అదిమిపట్టి, ముఖం గోడవైపు తిప్పుకుంది. సూది దిగేటప్పుడు నాకంటే ఆమే గట్టిగా వణికింది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"అయిపాయెనా?" అని గోడనే అడిగింది.

"అయిపోయింది" అంది నర్సు.

అప్పటి నుంచి ఆమె నా పక్కనుంచి లేవలేదు. బిడ్డ ఏడిస్తే కూడా "నువ్వు చూడు" అని కొడుకుతో అంది. తన పని ఆమె ఇంకొకరికి అప్పజెప్పడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. నేను కన్ను మూస్తే పిలిచేది, దగ్గితే నా మీదికి వంగి చూసేది. ఎందుకో నాకు తెలుసు. పెద్దకూతురికి రక్తం తీసిన మర్నాడే ఫిట్స్ వచ్చాయి. ఈమె ఆ మర్నాడు కోసం కాపలా కూర్చుంది.

మర్నాడు వచ్చింది. నర్సు బీపీ చూసి దిగుతోంది, రక్తం కూడా బాగుంది అంది. మా అత్త నమ్మలేదు. నా నుదురు పట్టి చూసింది, చెంపలు నొక్కి చూసింది, కాళ్లు తడిమింది. కడుపులో కాలుతోంది, అదే చెప్పాను.

"అత్తా, ఆకలైతుంది."

ఆమె చేతులు నా పాదాల మీద ఆగిపోయాయి.

"ఏమన్నవు? మళ్ల అను."

"ఆకలైతుంది అత్తా."

"ఇంకొక్కసారి అను బిడ్డా" అంది. కళ్లనీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, నోరు మాత్రం ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వుతోంది. "గట్టిగ అను."

దవాఖాన అంతా వినబడేలా అన్నాను. అప్పుడు లేచింది, అన్నం తేవడానికి.